వంకర కాడ

రేకు మీద ఉలి పెట్టినంక
నేను ముందుగాల కోసేది తోక.
తోక కుదిరితే కొంగ కుదురుతది.
మిషను అచ్చులొచ్చినా మా సేటు రేకు మార్చలే,
నీలం రంగు మార్చలే.
మిర్యాలగూడల వ్యాగనెక్కి, కాకినాడల ఓడెక్కి
యాభై కిలోల ఉప్పుడు బియ్యం మోసుకుంట పోతది
నా ఒంటికాలి కొంగ.
ఎక్కడ వాలుతదో ఆ దేశం పేరు
గుమస్తా కుతుబుద్దీన్ మూడు తీర్ల పలుకుతడు,
మూడూ తప్పే అంటడు.

నిరుడు పుష్యంల ఫోనొచ్చింది.
కొంగను తీసెయ్యాలె.
అక్కడ ఓట్లంట. కొంగ ఒకరి గుర్తంట.
ఇరవై రెండేండ్ల సంది కుర్చీ దిగని పెద్దాయనది కాదు,
ఆయన మీద నిలబడ్డ బడిపంతులమ్మది.
రేవుల మన సంచులు దిగుతుంటే
పోలీసులు కత్తులతోని కొంగల మెడలు కోసిండ్రంట.
బియ్యం కారిందంట, కాల్వలెక్క.

"పార్టీలకు తెల్వని బొమ్మ ఏదన్నా చూడురా" అన్నడు సేటు.
రాత్రంత ఆలోచన చేసిన.
మన దగ్గర సర్పంచి ఓట్లల్ల
ఉంగరం పోయింది, కత్తెర పోయింది, బ్యాటు పోయింది,
ఈ లోకంల గుర్తుగాని వస్తువంటు మిగిలిందా?
తెల్లారి చాయ్‌ల చక్కెర కలుపుకుంట కలుపుకుంట
చెంచా దగ్గర ఆగిన.
చెంచాకేం రాజకీయం.

కోస్తుంటే కరెంటు పోయింది.
ఉలి జారి కాడ జర వంకరైంది.
ఇంకో రేకుకు సేటు పైసలియ్యడు, అట్లనే కొట్టిన
పదకొండు వేల సంచులకు.

ఎండకాలం నడుమ ఓట్లు ముందుకు జరిపిండ్రన్నరు.
మళ్ల జరిపిండ్రన్నరు.
ఓడలు రేవు బయటనే నిలబడ్డయి.
ఇక్కడ మిల్లు బాయిలర్ చల్లారింది.
హమాలీలు గూడ్స్ షెడ్డు నీడకు పచ్చీసు గీసిండ్రు,
మార్కెట్ యార్డుల వడ్లు తడిసి మొలకెత్తినయి,
రైతులు సాగర్ రోడ్డు మీద కూసున్నరు.
ఎవని మీద కోపానికి కూసున్నరో
వాళ్లకైనా నాకైనా సగమే తెల్సు.

మిల్లుల రాలిన గింజలు ఊడ్చే ఇద్దమ్మ అడిగింది:
"మన బియ్యం లేకుంటే వాళ్లు తినరా? వాళ్లకు నీళ్లు లేవా?"
"ఉన్నయంట. కృష్ణకంటె పెద్ద ఏరంట."
"మరి?"
కుతుబుద్దీన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.
ఆ "మరి" ఇంక గోదాంలనే ఉన్నది.

పీర్లు లేచిన దినాలల్ల కావచ్చు,
ఒక ఫోటో చూపిచ్చిండు.
రోడ్డు నిండ ఆడోళ్లు,
ఉత్త గిన్నెల మీద చెంచాలతోని కొడుతున్నరు.
ముందటి వరుసల ఒకామె
ఖాళీ సంచిని చీల్చి జెండ చేసింది.
నీలం చెంచా.
దగ్గరికి గుంజి చూసిన. కాడ వంకర.
నా చెయ్యి వణికిన జాగ అది,
వెయ్యిమంది నెత్తుల మీద ఊగుతున్నది.
ఎవలకూ చెప్పలే. ఏమని చెప్తం,
కరెంటు పోయిందనా?

బతుకమ్మ ముందర సిపాయిలొచ్చిండ్రు.
పెద్దాయన విమానమెక్కిండు,
పంతులమ్మ ఏడుందో ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటరు.
టీవీల టోపీ పెట్టుకున్న కొత్తాయన
తొమ్మిది నెలలల్ల ఓట్లు పెడతమన్నడు.
తొమ్మిది నెలలంటే ఇద్దమ్మ నవ్వింది,
"మొగోడు చెప్పే లెక్కనా అది."

ఇప్పుడు ఆర్డరు వచ్చింది: బొమ్మే వద్దు.
తూకం, నంబరు, అంతే.
అంకెలు కోసుడు సులువు. ఎనిమిది ఒక్కటే కష్టం,
నడుమ గుండ్రాలు ఊడిపోతయి.

పాత రేకు మొలకు తగిలేసి ఉన్నది.
పొద్దుగూకంగ వెంటిలేటర్ ఎండ దాంట్ల నుంచి దూరి
ఎదురు గోడ మీద పడ్తది.
ఇద్దమ్మ చీపురు ఆపి చూసింది:
"కాడ వంకర పోయింది గదనే."

"ఔ" అన్న.
"అక్కడ గూడ గట్లనే పోయింది."