ఇంటిదొంగ

డులూత్‌లో జనవరి.
సరస్సు మీద మంచు పగిలే చప్పుడు
కొండవీధి దాకా ఎక్కి వస్తుంది.
ఇళ్ళలో గాలి ఎక్కడ కారుతోందో వెతకడం నా ఉద్యోగం.

ఐలీ కొస్కెలా గారికి ఎనభై ఒకటి.
తలుపు తీస్తూనే ఫిర్యాదు:
"ఆ కిటికీయే. పదకొండేళ్ళుగా
అందులోంచి గాలి దూరి నా మడమలు కొరుకుతోంది."
చట్రం చుట్టూ పాత పేపర్లు కుక్కి ఉన్నాయి,
కజ్జికాయ అంచు నొక్కినంత ఒద్దికగా.

నా పొగ పెన్సిల్ చలికి మొరాయించింది.
కారులో అగరొత్తుల పెట్టె ఉంటే తెచ్చి
ఒకటి వెలిగించి సందుసందునా తిప్పాను.
ఎక్కడా లోపలికి ఒక్క ఊదు లేదు.
చీమ తల దూర్చే చోటు లేదు.

అద్దానికి వేలెడు దూరంలో పెట్టాను.
పైకి పోవలసిన పొగ
తల దించుకుని నిలువునా జారింది.
కిటికీ గట్టు దిగి, ఖాళీ కుర్చీ కాళ్ళ మధ్య నుంచి
నేల మీద పాకి, ఆమె చెప్పుల్ని రాసుకుంటూ
అవతలి గోడ దగ్గర హీటరు చేరి
అక్కడ లేచింది,
కప్పు పట్టుకుని మళ్ళీ అద్దం దగ్గరికి.
ఎద్దు లేని గానుగ.
తోసేవాళ్ళు ఎవరూ లేరు.
వెచ్చని గాలికీ చల్లని గాలికీ బరువులో
వెంట్రుకవాసి తేడా, అంతే.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మాకో సామెత.
ఆమెకి ఇంగ్లీషులో చెప్పబోయి
ఈశ్వరుడి దగ్గర ఆగిపోయాను.
ఆయన పట్టలేని దొంగని
ఆయన ముందు వెలిగించే పుల్ల పట్టింది.

"అంటే బయటి గాలి కాదా?"
"కాదండీ. మీ గదిదే.
మీరు వదిలిన ఊపిరే అద్దం దాకా వెళ్ళి
చల్లబడి వెనక్కొస్తోంది.
హీటరు మొదట్నించీ అక్కడేనా?"

"కిటికీ కింద ఉండేది.
ఓడలు కనబడేలా అక్కడ కుర్చీ వేసుకుంటానని
ఐనో నలభై ఏళ్ళు అడిగాడు.
హీటరు జరపడం డబ్బు దండగన్నాను.
ఆయన పోయిన నెలకి జరిపించాను."

ఫారంలో రాశాను:
గాలి కారడం, లేదు.
సూచన, హీటరు కిటికీ కిందికి
అని సగం రాసి, కుర్చీ వైపు చూసి
కొట్టేశాను.
మందపాటి తెర, గట్టుకి ఆనేలా.

ఆమె అద్దాలు పెట్టుకుని చదివింది.
"మార్చి దాకా వేస్తాను.
ఆ తర్వాత ఇనుపరాయి ఓడలు మొదలవుతాయి."

పుల్ల ఇంకా సగం ఉంది.
ఆర్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది,
"ఉండనీ, అది తిరగడం చూస్తాను."
మడమలు రెండూ పీట మీదికి ఎత్తుకుని
పొగకి దారి ఇచ్చింది.