అర్థమయ్యే అక్షరాలు

కనిగిరి దాటి బస్సు ఆగిన చోట
షంషాద్ మేడమ్ మా మెడల్లో స్టెతస్కోపులు తీయించి
తలా ఒక బిందె చేతికిచ్చింది.
"ముందు నీళ్లు తెండి. రోగం సంగతి తర్వాత."

మలకొండమ్మ వంకరపోయిన మోకాళ్లతో
మాకంటే ముందు నడిచింది.
నలభై రెండేళ్లంట.
కేసు షీటులో నేను అరవై అని రాశాను.

బోరు దగ్గర ఆగి చెప్పింది:
"ఇయ్యి అంట్లకి, గొడ్లకి.
తాగేదానికి డబ్బా కొనాల.
కూలున్న దినం డబ్బా,
లేని దినం ఇయ్యే."

రవికలోంచి నాలుగు మడతల చీటీ తీసింది,
నిన్న క్యాంపులో నేను రాసిచ్చిందే.
కాల్షియం, పాలు, ఫ్లోరైడ్ లేని నీరు.
"మాత్రలైతే ఇచ్చినారబ్బయా,
ఈ కడాది ఏ షాపులోనూ లేదంటుండారు."

తిరుగు బస్సులో భుజాలు నొక్కుకుంటూ కూర్చున్నాం.
సుధీర్ అడిగాడు,
"వైవాలో ఇది వస్తదా మేడమ్?"
ఆమె కిటికీలోంచి తల తిప్పలేదు.
"సోమవారం ఒంగోలు కలెక్టరాఫీసులో
అర్జీలు తీసుకుంటారు. ఎవరొస్తారు?"

ఆ రాత్రి హాస్టల్లో
తెల్లకాగితం మీద ఊరి పేరు రాశాను,
బోరు లోతు, ఇళ్ల లెక్క, డబ్బా ధర రాశాను.
డాక్టరు చదువుకొచ్చాక మొదటిసారి
నా రాత
ఎవరైనా చదవగలిగేట్టుంది.