తొంభై ఏడు

దునావ్ ఒడ్డున ఊరు.
పోయినసారి నూట నలభై, ఈసారి తొంభై ఏడు.
లెక్కలు రాసే కుర్రాడి పెన్ను చలికి బిగుసుకుంది.
స్తోయన్కా దాన్ని పొయ్యిగట్టున పెట్టి
రేగుపళ్ళ సారా పోసింది.

"ఇంట్లో ఎంతమంది?"
"నేనూ, మేకా. మేక పేరు రాయవా?"

కిటికీలోంచి చూపించింది:
రేకుల కప్పు కింద గుంట,
ఎనిమిది వేల ఏళ్ళనాటి ఇంటి గచ్చు.
చేప నోటి రాతిముఖం
ఏదో అనబోయి ఆగినట్టు.

"తవ్వేవాళ్ళకి నేనే వండిపెట్టాను.
పొయ్యిరాళ్ళ పక్కన పసిబిడ్డ బయటపడ్డ రోజు
సూపు ఎవరూ ముట్టలేదు.
అట్టపెట్టెలో బెల్‌గ్రేడ్ పట్టుకెళ్ళారు.

అప్పుడూ ఊళ్ళో ఒకరు తగ్గారు.
రాశారా ఎవరైనా?"

కుర్రాడు కాగితం తిప్పాడు.
'వలస పోయినవారు' అన్న గడి మీద
వెచ్చబడ్డ పెన్ను
కారడం మొదలుపెట్టింది.