పొట్టి కనుమ

పటంలో ఐదువందల ఎనభై మీటర్లు.
దీన్ని కొండంటే టాట్రాల వాళ్ళు నవ్వుతారు.
మోకాలు నవ్వదు.

నా సైకిలుకి ఇరవయ్యొక్క గేర్లు,
పరాస్కాకి ఒక్కటే. ఆ ఒక్కటీ
ఎగువకి వాడదు, దిగి నెడుతుంది,
మొండికేసిన దూడని తోలినట్టు
తిడుతూ, బుజ్జగిస్తూ.
డెబ్బైమూడేళ్ళ మనిషి.
ప్రతి మలుపులోనూ నాకోసం ఆగుతుంది,
ఆగినట్టు కనపడకూడదని
వంగి బూటు లేసులు కట్టుకుంటుంది.
ఆ బూట్లకి లేసులు లేవు. జిప్పులు.

నన్ను కుదుర్చుకున్నది రెండు సీసాల ప్లమ్ జాముకి.
పని: తోడు రావటం, పంక్చరైతే అతకటం,
"అవతల పోలీసులెవరైనా అడ్డుకుంటే
చదువుకున్నవాడిలా మాట్లాడటం."
ఎవరూ అడ్డుకోరని చెప్పాను.
కాపలా గది మూతపడి ఎన్నాళ్ళో అయింది,
అందులో ఇప్పుడు రొమాన్
ఖాళీ తేనెపెట్టెలు దాచుకుంటున్నాడు.
"ఆపని రోజులూ చూశాను," అంది,
"ఆపిన రోజులూ చూశాను.
నువ్వు మాత్రం చొక్కా గుండీలు పెట్టుకో."

మార్చి మొదటివారం.
బీచ్ చెట్ల మొదళ్ళలో మంచు ఇంకా
ఉతకని దుప్పటిలా పడుంది.
టైరు కింద బురద, బురద కింద గడ్డకట్టిన నీళ్ళు.
చివరి కిలోమీటరు
సైకిళ్ళే మమ్మల్ని ఎక్కాయి.

పైన సరిహద్దు రాయి, నడుమెత్తు.
ఇటు ముఖాన ఒక అక్షరం, అటు ముఖాన ఇంకోటి.
నా ఫోను గోల మొదలెట్టింది:
పోలండుకి స్వాగతం.
స్లొవేకియాకి స్వాగతం.
పోలండుకి స్వాగతం.
రొట్టె తినే పావుగంటలో, కూర్చున్న చోటు కదలకుండా
పదకొండుసార్లు దేశం మారాను.
పరాస్కా ఉల్లిపాయ కోస్తూ అంది:
"మా అమ్మ పెళ్ళికూతురై ఇటు దిగింది, ఒక్క పూటలో.
తిరిగి అటు దిగటానికి
నలభై ఏళ్ళు పట్టింది."

అటు దిగువన ఊరు లేదు.
ఉండేదని చెప్పేవి ఆపిల్ చెట్లు.
అడవికి వరస పెట్టటం రాదు,
ఇవి వరసలో ఉన్నాయి.
ఒక గడపరాయి, దాని వెనక ముళ్ళపొద.
బావి మీద ఇనుపమూత.
నలభై ఏడులో రెండు గంటలు గడువిచ్చారట.
మేనమామ ఆవుని తోలుకున్నాడు, తిరగలి ఎత్తుకున్నాడు.
రైలు ఉత్తరానికి, సముద్రం వైపు.
"గింజ లేకుండా తిరగలెందుకో"
నవ్వబోయి మానేసింది.

ఏడుస్తుందేమోనని భయపడ్డాను.
జేబులోంచి కత్తి తీసింది.
పెన్సిలంత లావు, నిరుటి చిగురు,
కొమ్మకి మూడు మొగ్గలు.
ఆరు ముక్కలు తడినాచులో చుట్టి
"నీ దగ్గర ట్యూబుందా?" అంది.
ఉన్నది ఒక్కటి, కొత్తది.
అది సన్నటి పట్టీలుగా చీలిపోయింది నా కళ్ళముందే.
కొన్ని కట్టటానికి,
మిగిలినవి రేపు అంటు బిగించటానికి.

"ఎలా ఉంటుంది ఈ పండు?"
"పులుపు. క్రిస్మస్ దాకా పళ్ళు జివ్వుమంటాయి,
ఆ తర్వాత గడ్డిలో ఉండగానే, ఎవరూ చూడకుండా
తియ్యబడుతుంది."
"ఎప్పుడు తిన్నావు?"
"నేనా? తినలేదు. అమ్మ చెప్పేది."

తిరుగుదారిలో కనుమ దాటి
నూరు గజాలు దిగామో లేదో
నా వెనక టైరు ఉస్సుమంది.
అతుకుల డబ్బా తెరిస్తే జిగురు ఎండి రాయైంది.
ట్యూబు? ఆమె బుట్టలో
ఆరు కొమ్మల నడుము చుట్టూ ఉంది.

కోపంలోనో అలసటలోనో
అనకూడనిది అనేశాను:
"అంటు బతికినా కాపుకి నాలుగేళ్ళు."
"ముందు నీ టైరు సంగతి చూడు," అంది.

కింద మా ఊరి దీపాలు రెండు, మూడు.
అంతా దిగుడే. ఆమె ఎక్కి కూర్చుంటే
పెడలు తొక్కకుండా ఇంటికి జారిపోతుంది.
బుట్ట సర్దుకుంది, బ్రేకు నొక్కి చూసుకుంది.
నేను కుంటి సైకిలుతో చేరేసరికి
మలుపులో వంగి
లేసులు కట్టుకుంటోంది.