పంచర్ దగ్గర ఆపు

"రింగుకెంత?" అంది
రామవరప్పాడు పోవాల్సిన పెద్దావిడ.
ఇరవై అన్నాను.
ఇరవైకి ఉంగరమా అని
పక్కన కాలేజీ పిల్ల కిసుక్కున నవ్వింది.
ఊరికి కొత్త.

ఈ ఊళ్ళో ఇంతేనమ్మా.
పేరు ఇంగ్లీషులో ఉంటుంది, సరుకుండదు.
గవర్నరుపేటలో ఏ గవర్నరూ నా బండెక్కలా.
స్క్రూ బ్రిడ్జి మీద పదిహేడేళ్ళు తిరిగా,
ఊడినవన్నీ నా ఆటో స్క్రూలే.
బెంజి సర్కిల్లో ఎర్రలైటు పడ్డప్పుడల్లా
బెంజి కారు కోసం చూస్తా.
ఒక్కసారి కనపడింది,
హారన్ కొట్టి నన్నే తిట్టింది.
లో బ్రిడ్జి ఒక్కటే మాట మీద నిలబడ్డది:
వానొచ్చిందా,
అది ఇంగ్లీషు లో అయినా మన లో అయినా
అందరం నీళ్ళలోనే.

పెద్దావిడ రింగులో దిగింది.
"మరి ఈ పేర్లెవరు పెడతారు?" అంది పిల్ల.
పంచర్ దాకా రా, చెబుతా అన్నా.
"అయ్యో, టైరు పోయిందా?"

లేదమ్మా, పంచరంటే స్టాపు.
పైపుల రోడ్డు దాటాక రెండో మలుపు.
అక్కడ నాగూర్ మీరా ఉండేవాడు.
తుమ్మకర్రకి పాత టైరు తగిలించి
దాని మీద సున్నంతో పంచర్ అని రాసుకున్నాడు,
చివరక్షరానికి చోటు చాలక
కింద వేలాడదీశాడు.
తొట్లో ట్యూబు ముంచి
బుడగ ఎక్కడ లేస్తుందా అని
నాడి చూసే వైద్యుడల్లే ఊపిరి బిగబట్టేవాడు.
అర్ధరాత్రి వెళ్ళి షట్టరు కొట్టి
"మీరా!" అని పిలిస్తే
లోపల్నించి నిద్రగొంతుతో
"మీరా?" అనేవాడు.

పోయి మూడేళ్ళు.
తొట్టి ఎవరో గేదెకి పట్టుకుపోయారు.
కొట్లో ఇప్పుడు సెల్లు కవర్లు అమ్ముతున్నారు.
మునిసిపాలిటీ వాళ్ళు నీలం బోర్డు పాతారు,
ఏదో మార్గ్ అని.
దానికి ఒక మేక రోజూ వీపు గోక్కుంటుంది.
మేక తప్ప దాని జోలికి పోయినవాళ్ళు లేరు.
అయినా పొద్దస్తమానం
నా వెనక సీట్లోంచి ఒకటే అరుపులు,
పంచర్, పంచర్, ఆపు ఆపు అని.

మీరా బడికి పోలా.
వాడికొచ్చిన ఇంగ్లీషు ఆ ఒక్క ముక్కే.

పిల్ల ఏమీ అనలా.
దిగి, చిల్లర లెక్కపెట్టి,
మేకనీ బోర్డునీ చూసుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం బెంజి సర్కిల్లో
అందరికన్నా గట్టిగా కేక:
"అన్నా, పంచర్‌కి వస్తావా?"

ఎక్కమ్మా, అన్నా.
ముప్పై.