బోరుబండి పురాణం

మట్టపల్లి అడ్వాన్సు ఇచ్చిండు:
ఐదు రెండొందల నోట్లు, అరకిలో బెల్లం.
"అందరికీ పురాణమున్నది కాశన్నా.
సాలోళ్లకున్నది, కుమ్మరోళ్లకున్నది,
మంగలి కత్తికి సుత పుట్టుక కథ ఉన్నది.
మా బోరుబండోళ్లకే లేదు.
ఒకటి కట్టు."

అడుగుడు అల్కనే.

మా తాత పటం చుట్ట విప్పితే
తెల్లారేదాక కథ జారేది.
అది ఆయన కట్టింది కాదు, ఆయన తాతా కట్టలే.
కట్టినోని పేరు చెదలు తిన్నంకనే
అది పురాణమైందట.
నాకేమో పేరున్నది, ఆధార్ కార్డున్నది.
దేవరకొండ బస్టాండు ముంగట జిరాక్సు షాపుల
ఇరవై రూపాయల నోట్‌బుక్కు కొంటుంటే
చూసినోళ్లున్నరు.

మొదటి మాటే మొరాయించింది.
"ఆదిల అంత నీళ్లే ఉండె" అని రాసి
కిటికీల నుంచి చూసిన.
చందంపేట దిక్కు గుట్టలు,
ఎండకు వీపులు కాల్చుకుంటున్న బండలు.
ఈడ ఆ మాట ఎవడు నమ్ముతడు?
కొట్టేసిన.
"ఆదిల అంత రాయే. రాయి లోపట రాయి.
దాని లోపట దూప."
మంచిగనిపించింది.
ఆ రోజంత ఇంకేం రాయలే.

రెండోనాడు ఒక దేవతను తెచ్చిన.
ఆమె తల దువ్వుకుంటే నీళ్లు కారినయి.
అరే, ఈ జుట్టు నాకెరుకే!
గంగ ఎప్పుడొచ్చి కూసున్నదో చాప మీద,
పిలువని పేరంటానికి పసుపు రాసుకొని.
ఆమెను సాగదోలితే
ఆమె ఎన్క శివుడు, నంది, వాళ్ల పంచాయితులన్ని
లేచిపోయినయి. ఇల్లు బోసిపోయింది.
చెమటచుక్కల పిలగాడు పుట్టిండని రాస్తే
అది తాత పటంల మూడో గడి.
రాక్షసుణ్ని నరికి నెత్తురు పారిస్తే
అదీ ఉన్నదే, ఇంకా ఎర్రగ.
యాడ తవ్వినా
పక్కోని బాయి ఊటే.

మట్టపల్లిని పిలిచిన.
"దేవుళ్ల ముచ్చట వద్దు, మీ పని చెప్పు."
చెప్పిండు.
అరచేతిల కొబ్బరికాయ నిట్టనిలువు లేసిన కాడ
నిమ్మకాయ కోస్తరట.
ఎర్రదుబ్బ పోయి తెల్లదుబ్బ,
తెల్లదుబ్బ పోయి నల్లరాయి.
నాలుగు నూర్ల అడుగులు దాటితే
రైతు పెండ్లాం కండ్లు మూసుకుంటదట.
రైతు మాత్రం పైపులు లెక్కపెడుతుంటడు,
అడుగుకింత అని పెదవులు కదులుతుంటయి.
"ఆరు నూర్ల యాభై కాడ, బండి ఆపినంక,
ఒకామె వంగి గొట్టానికి చెవి పెట్టింది.
లోపట ఎవరో పలుకుతున్నరన్నది.
అది గాలి అని చెప్పబుద్ధి కాలే నాకు."

ఆ రాత్రి దొరికింది.

రాయి కింద ఒక ముసల్ది.
పేరు లేదు. పెట్టలే.
ఆమెకు చెవుడు.
పైన ఎంత మొత్తుకున్నా ఇనపడదు.
అందుకే మనుషులు ఇనుపగొట్టం
ఆమె చెవుదాక దించి పిలుస్తరు.
ఒక్కోపాలి "ఆఁ?" అంటది.
ఆ "ఆఁ" నే నీళ్లు.
అననాడు
పొడి లేస్తది, అప్పు మిగుల్తది.

చెవుడెందుకొచ్చింది?
అది తెగలే. ఎన్ని తీర్ల రాసినా
పాత కథల వాసన కొట్టింది.
ఒక పేజీ ఖాళీగ ఇడిసిపెట్టిన.

తొమ్మిది రోజులకు కొండమల్లేపల్లి కాడ
బోరుబండి టైర్లకు ఆనిచ్చి కొత్త పటం కట్టిన.
తిరుచెంగోడు పోరగాళ్లు
సగం సమజై సగం కాక నవ్వుతున్నరు.
తండా నుంచి వచ్చిన నేనావత్ చాంది
కట్టె ఊతతోని లేసి నిలబడ్డది.

"తప్పు చెప్తున్నవ్" అన్నది.
"ఆమెకు చెవుడు రాలే.
దూపకు బిడ్డ ఏడుస్తుంటే ఇనలేక
తనే చెవులల్ల మన్ను కూరుకున్నది.
మా యాడి చెప్పేది నాకు.
ఎరకలేకుంటే అడగాలె."

తొమ్మిది రోజుల కిందటి కథ.
నోరు మెదపలే నేను.
ఇంటికొచ్చి
ఆమె చెప్పినట్టే ఖాళీ పేజీ నింపిన.

నోట్‌బుక్కు అట్ట మీద, నా పేరు కాడ,
బెల్లం అంటి చీమలు పట్టి ఉన్నయి.
దులపలే.