వేలు పట్టేంత సందు

యార్క్‌టన్ దాటాక గోధుమ కోతలైపోయి
చేలన్నీ రెండ్రోజుల గడ్డంతో ఉన్నాయి.
ట్రైలర్ని కొట్టం పక్కకి తోసి
చక్రాల కింద పలకలు వేశాను.
పైపుల్లో మిగిలిన ఎండాకాలాన్ని ఊది పారబోసి
గడ్డకట్టని గులాబీరంగు మందు పట్టించాను.
బ్యాటరీ వంటింట్లో, బంగాళాదుంపల బస్తా పక్కన.
ఎలుకల దారుల్లో ఇనప పీచు.
టార్పాలిన్ చిరక్కుండా మూలమూలకీ
పాత టెన్నిస్ బంతులు కోసి తొడిగాను.

"మరీ బిగించకురా ఒరెస్ట్," అనేవాడు మిరోన్,
"చలికేం కాదు దీనికి.
ఊపిరాడకపోతేనే లోపల చెమ్మపట్టి కుళ్లుతుంది."

ట్రైలర్లో సగం వాడిది.
జూన్ నుంచీ మాటల్లేవు.
ఒక పడవ మోటారు గురించి. అంతే.
చెప్పాలంటే సిగ్గేస్తోంది.

ఈసారి ఒక్కణ్ణే కప్పాను.
ఈ కొస పట్టుకుంటే ఆ కొస ఎగిరేది.
ఎలాగో కట్టేసి వచ్చి పడుకున్నాను.
రాత్రంతా గాలి,
దుప్పటి కింద ఒక్కో ముడినీ
తలుచుకుంటూ నేను.

తెల్లారి వెళితే మోకాలి దాకా మంచు.
నా వైపు రెండు ముళ్లు ఊడి వేలాడుతున్నాయి.
అటువైపు
నేను వేయని ముడి:
తాడుని రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపినది.
నాన్న ఇద్దరికీ నేర్పాడు,
మిరోన్‌కే వచ్చింది.

అడుగుల జాడ మంచు మింగేసింది.
బిగువు చూశాను. వేలు పట్టేంత సందు వదిలాడు.
అందులో వేలు పెట్టి
కాసేపు అలాగే నిలబడ్డాను.

తర్వాత నా వైపు ముళ్లు మళ్లీ కట్టాను,
కాస్త వదులుగా.